మూడో అరలో లేని బూట్లు

కాదు బిడ్డా, అట్లా మొదలుపెట్టకు. ఊరి పేరు, ఇంటిపేరు తర్వాత వస్తయి. ముందు గన్ను మోగిందని రాయి. తాత నిదానంగనే చెప్తడు నిఖిలా, నీ చెయ్యి నొస్తే ఆపు.

ధరణి చేతిలో గన్ను మళ్ళా మోగింది. తుపాకి కాదు, డబ్బాల మీది నల్లగీతలు చదివే మిషన్. ఆ గోదాములో పనిచేసే పిల్లలందరూ దాన్ని గన్ను అనే అంటరు. దాని బుల్లి తెర మీద అక్షరాలు వచ్చినయి. నలభై ఒకటో సందు, పదిహేడో గడి, మూడో అర. చిన్నపిల్లల మంచుబూట్లు, గులాబీ రంగు, ఒక జత.

ధరణికి కాళ్ళు ఆగిపోయినయి. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కి పదిన్నరకే మూడువందల డెబ్భై వస్తువులు తీసింది. కుక్క బిస్కెట్లు, ఫోన్ వైర్లు, షాంపూలు, ఎవరి పెళ్ళికో ఒక నల్ల టై. గంటకు నూటపది తీయాలి. గంటకు పదిహేను డాలర్ల యాభై సెంట్లు. ఆ యాభై సెంట్లు అక్టోబర్ ఒకటిన సర్కారు పెంచింది. అదే వారం కంపెనీ వంద ఉన్న లెక్కను నూటపది చేసింది. మనిషి ఒక్క నిమిషం నిలబడితే తెర అంచు ఎర్రగా అయితది. అయినా సరే, ఆ సందులోకి పోయే ముందు ధరణి ఒక్క నిమిషం నిలబడేది.

ఆ తర్వాత పోయింది. తల ఎత్తి చూసింది. మూడో అర ఖాళీ. నిన్న ఖాళీ, మొన్న ఖాళీ, మూడు వారాల నుంచీ ఖాళీ. కింద నేల వైపు మాత్రం చూడలేదు. ఆడ మూరెడు మేర కడిగిన చోటు ఉంది. మిగతా నేలంతా బూడిద రంగు, ఆ మూరెడే తెల్లగా ఉంటది.

ఈ కెనడాలో, ఏజాక్స్‌లో మన ఇంటికాడ బస్సెక్కితే ఇరవై నిమిషాలు ఆ గోదాము. కొనేవాడు ఆడికి రాడు. కొనేవాడు మంచంలో పడుకొని ఫోన్ మీద వేలు పెడ్తడు, ఆ వేలు పెట్టింది ఈడ ఒక పిల్ల చేతిలో మోగుతది. రేపు సాయంత్రానికల్లా డబ్బా వాడి గుమ్మంలో ఉండాలి. మాట ఇచ్చింది కంపెనీ. మాట నిలబెట్టేది ఆ పిల్ల కాళ్ళు.

ఒక్కోసారి కంప్యూటర్‌లో వస్తువు ఉంటది, అరలో ఉండదు. ఎవరో పక్క అరలో పెట్టి ఉంటరు, లేదా లారీలోంచి దిగనే దిగి ఉండదు. తెలుగు పిల్లలు దాన్ని దయ్యం సరుకు అంటరు. లేదని నొక్కితే గన్ను ఒప్పుకోదు, మళ్ళా చూడమంటది. మూడుసార్లు లేదంటే నీ లెక్కలో ఒక తప్పు పడ్తది. సూపర్‌వైజర్ వచ్చి కళ్ళతో చూసి కొట్టేస్తేనే ఆ తప్పు పోతది. బ్లాక్ ఫ్రైడే తగ్గింపు అమ్మకాల రద్దీ ముందు సూపర్‌వైజర్‌కి అంత తీరిక ఏడుంది. అందుకని ఆ గులాబీ బూట్లు అమ్మకానికి అట్లనే ఉన్నయి, ఒక్క జతే మిగిలింది త్వరపడండి అని. త్వరపడి ఎవరో తల్లి కొంటది. గన్ను మోగుతది. ఆ వెతుకులాట ధరణి పేరు మీద మొదలైంది కాబట్టి ధరణి చేతిలోనే మోగుతది.

ధరణి పేరు మీద అన్నా గానీ, మొదలుపెట్టింది ధరణి కాదు. అది చెప్తా.

మన ఇంటి కింద బేస్‌మెంట్‌లో ఇద్దరు ఆడపిల్లలు అద్దెకు ఉంటున్నరు గదా. పెద్దది ధరణి, బాపట్ల దిక్కు. ఆమె చదువు అయిపోయింది, వర్క్ పర్మిట్ ఉంది, ఎన్ని గంటలైనా పని చేయొచ్చు. చిన్నది ఝాన్సీలక్ష్మి, మహబూబాబాద్ దగ్గర పల్లె. ఇంకా కాలేజీలో ఉంది. చదువుకునే పిల్లలు వారానికి ఇరవై గంటలే పని చేయాలని ఈడ రూలు. ఆ ఇరవై ఆమెకు డోనట్ల షాపులోనే అయిపోయేవి. మిగతా రెండు రోజులు ధరణి బ్యాడ్జ్ మెడలో వేసుకొని గోదాముకు పోయేది. జీతం ధరణి ఖాతాలో పడేది, పడ్డ రోజే ఝాన్సీ భాగం ఝాన్సీకి పోయేది. ఇది ఒకరినొకరు ముంచుకున్న కథ కాదు. ఈ యేడు ఈడికి దిగిన పిల్లల్లో సగం మంది అట్లనే ఒక బ్యాడ్జ్ కింద ఇద్దరు బతుకుతున్నరు. గోదాముకు పిల్లలను పనికి పంపే ఏజెన్సీ మనిషికి తెలుసు. తెలిసే తల తిప్పుకునేవాడు.

ఝాన్సీ చేతులు చురుకు. ఆమె పోయిన రోజు ధరణి పేరు ఎదురుగా బోర్డు మీద నూటముప్పై వచ్చేది.

"అక్కా, నీ పేరు నేనే నిలబెడుతున్న. నువ్వు పోయిన రోజే పడిపోతున్నది," అనేది.

"అలాగైతే నా పెళ్ళికి కూడా నువ్వే వెళ్ళిరావే. బ్యాడ్జ్ ఇస్తా," అనేది ధరణి.

"పిలగాడు మంచిగుంటే బ్యాడ్జ్ వాపస్ ఇయ్య మల్ల."

అట్లా నవ్వుకునేవాళ్ళు. సర్కారు నవంబర్ పదిహేను నుంచి ఆ ఇరవై గంటల రూలు ఎత్తేస్తానన్నది. ఇంకో నెల ఆగితే ఎవరి పేరు మీద వాళ్ళు పని చేసుకోవచ్చని ఇద్దరూ గోడ మీది క్యాలెండర్‌లో ఆ తారీఖు చుట్టూ సున్నా చుట్టినరు.

అక్టోబర్ పద్దెనిమిది నాడు ధరణి డ్రైవింగ్ టెస్టుకు పోయింది. కార్లో కూర్చుందో లేదో ఫోన్ మోగింది. ఆ ఏజెన్సీ మనిషే, రాజగోపాల్.

"ధరణీ, నువ్వు కింద పడ్డావమ్మా. వెంటనే ఆస్పత్రికి రా. నీ హెల్త్ కార్డ్ తీసుకురా."

"నేనా? నేను పడలేదండీ. నేను టెస్టులో ఉన్నా."

రాజగోపాల్ గొంతు తగ్గించిండు. "పడింది నువ్వే. అర్థమైందా తల్లీ? మిగతాది ఇక్కడికొచ్చాక మాట్లాడుకుందాం."

అప్పుడు అర్థమైంది ధరణికి. ఆ రోజు తన బ్యాడ్జ్ వేసుకొని పోయింది ఝాన్సీ.

జరిగిందేమంటే, గన్ను మూడో అర చూడమన్నది. చేతికి అందని ఎత్తు. నాలుగు సందులకు ఒకటే నిచ్చెన, అది ఇంకెవరి దగ్గరో ఉంది. అది వచ్చేదాకా నిలబడితే తెర ఎర్రబడ్తది. ఝాన్సీ రెండో అర అంచు మీద కాలు పెట్టి, పై అర పట్టుకొని ఎక్కింది. లోపలిదాకా చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ లేదు. మళ్ళా చూడమన్నది. ఇంకొంచెం లోపలికి వంగింది. కాలు జారింది.

రాజగోపాల్ అంబులెన్స్ పిలవలేదు, తన కార్లోనే తీసుకుపోయిండు. అర అంచు గీరుకొని కారిన నెత్తురును వెనకాల ఎవరో కడిగేసినరు. ఆస్పత్రి గుమ్మం కాడ ధరణి చేతిలోంచి కార్డు తీసుకొని ఝాన్సీ గుప్పిట్లో పెట్టిండు. ఝాన్సీకి కాలేజీ ఇన్సూరెన్స్ ఉంది, అయినా అది వాడితే ఆమె పేరు బయటికొస్తది, గంటలు దాటి పని చేసిందని తెలుస్తది, స్టడీ పర్మిట్ పోతది అని భయపెట్టిండు. ఇద్దరూ భయపడ్డరు. బ్యాడ్జ్ పంచుకున్నవాళ్ళకు కార్డు పంచుకోవటం పెద్ద సంగతి అనిపించలేదు. అదే తప్పు, ఆడ జరిగిందే ఆ తప్పు.

"నీ పుట్టినరోజు మార్చి తొమ్మిది. వాళ్ళు అడుగుతారు. గుర్తుపెట్టుకో," అని ధరణి ఆమె చెవిలో చెప్పింది.

నొప్పితో వణుక్కుంటనే ఆ పిల్ల పాఠం లెక్క వల్లించింది, మార్చి తొమ్మిది, మార్చి తొమ్మిది. కరోనా తగ్గినా ఈడ ఆస్పత్రుల్లో అందరికీ ఇంకా మాస్కులే. కౌంటర్‌లో ఆమె కార్డు మీది ఫోటో చూసింది, మాస్కు పైన రెండు కళ్ళు చూసింది, సరేనన్నది.

తుంటి ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదు గానీ ఆరు వారాలు కాలు మోపొద్దన్నరు. నొప్పికి సూదిమందు ఇచ్చినంక డాక్టరమ్మ మెల్లగా అడిగింది, ఎట్లా పడ్డవని. మందు మత్తులో ఝాన్సీ నిజమే చెప్పింది, గోదాములో అర ఎక్కి పడ్డానని. డాక్టరమ్మ కాగితం మీద రాసుకొని పోయింది. పనిలో దెబ్బ తగిలితే వాళ్ళు నష్టపరిహారం ఇప్పించే కంపెన్సేషన్ ఆఫీసుకు రాసి పంపాలంట. రాజగోపాల్ ఆ టైములో బయట కారు పార్కింగుకు డబ్బులు కడుతున్నడు.

ఆ రోజు నుంచి ధరణికి నిద్ర సరిగ్గా లేదు. పొద్దున బస్సులో ఉండంగా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేది. "ధరణీ, మీ తుంటి ఎలా ఉంది?" అని ఎంతో ప్రేమగా ఇంగ్లీషులో అడిగేవాళ్ళు. "తగ్గుతోందండీ," అని చెప్పేది, కిటికీకి ఆనుకొని, పక్కనోళ్ళకు వినపడకుండా. వారం తిరిగేసరికి ఆమెకే కుడి తుంటిలో నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. కింద గదిలో ఝాన్సీ నిద్రలో ఉలిక్కిపడి "మార్చి తొమ్మిది" అనేది. తన పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఒక క్షణం ఆగి చెప్పేది.

గోదాములో ప్యాకింగ్ బల్ల కాడ ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉంటది. ఝాన్సీ పడ్డప్పుడు పరిగెత్తుకొచ్చి తన స్వెటర్ మడిచి తల కింద పెట్టింది ఆమెనే. ఆమె దగ్గర ధరణి డబ్బాలు దించుతుంటే అడిగింది.

"ధరణి ఎలా ఉంది? నీకు తెలుసా?"

ధరణి మెడలో బ్యాడ్జ్‌ని చేత్తో మూసుకుంది. "బాగానే ఉంది. ఇంట్లో ఉంది," అన్నది.

"ఆ పిల్ల పడ్డప్పుడు ఏదో అన్నది మీ భాషలో. అమ్మ అనే మాట ఒక్కటే అర్థమైంది," అన్నది ఆవిడ.

ఝాన్సీ తల్లి రత్నకుమారి రోజూ ఫోన్ చేసేది. "వీడియో పెట్టు బిడ్డా, నీ మొఖం చూసి ఎన్ని దినాలాయె," అనేది. కెమెరా పాడైందని చెప్పేది ఝాన్సీ, మంచం మీద పడుకొని, ఊతకర్రల వైపు చూసుకుంట.

నవంబర్ రెండో వారంలో కంపెన్సేషన్ ఆఫీసు నుంచి ఏజెన్సీకి ఉత్తరం వచ్చింది. ధరణి అనే మనిషికి మీ పనిలో దెబ్బ తగిలిందంట, వివరాలు పంపండి అని. ఆ సాయంత్రమే రాజగోపాల్ ఇంటికొచ్చిండు. చేతిలో పండ్ల సంచి, ఇంకో చేతిలో కాగితం. ఆ మనిషి చెడ్డవాడు అనుకోకు. ఇరవై యేండ్ల కింద ఆయన కూడా లారీలు దించినవాడే. ఆ వంగిన వీపు చూస్తే తెలుస్తది. కంపెనీ వాళ్ళు ఆయన మెడ పట్టుకుంటే, ఆయన పిల్లల మెడ పట్టుకోవాలె. అది ఆయన నేర్చుకున్న పని.

"ఏమీ లేదు తల్లీ. ఇంట్లో మెట్ల మీద జారి పడ్డానని నువ్వొక సంతకం పెడితే చాలు. మందు మత్తులో ఏదో మాట్లాడానని రాశాం. ఆ ఫైలు మూసేస్తారు," అన్నడు ధరణితో.

"మరి ఝాన్సీ?"

"ఝాన్సీకేం? ఎముక అతుక్కుంటుంది. వచ్చే వారం రూలే మారిపోతుంది, తన పేరు మీద తనే పని చేసుకుంటుంది. నీ సంగతి చూసుకో. ఇక్కడే స్థిరపడే నీ పీఆర్ అప్లికేషన్‌కి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలన్నావుగా, టీమ్ లీడ్‌గా చేసినట్టు. లెటర్ రెడీగా ఉంది. రేపు ఆఫీసుకొచ్చి ఇది ఇచ్చి అది తీసుకెళ్ళు."

"పెట్టకపోతే?"

ఆయన సంచిలోంచి ఒక ఆపిల్ తీసి బల్ల మీద పెట్టిండు. "పెట్టకపోతే నీ బ్యాడ్జ్, నీ కార్డు ఎవరికిచ్చావో నువ్వే చెప్పుకోవాలి తల్లీ. మేమైతే నువ్వే పనికొచ్చావనుకుంటున్నాం."

ఆయన పోయినంక ధరణి ఆ కాగితం రెండుసార్లు చదివింది. పైన మా కుక్కర్ ఈల వేస్తే ఇద్దరూ ఉలిక్కిపడ్డరంట.

"పెట్టెయ్యి అక్కా," అన్నది ఝాన్సీ.

"పెడితే నువ్వు పడనట్టేనే. తుంటి చిట్లింది నాకే అవుతుంది. రేపు నీ కాలు సరిగ్గా నిలవకపోతే ఎవరినడుగుతావ్?"

"ఎవర్నడుగుత? నేను ఆడ లేనే లేను గద." గోడ దిక్కు తిరిగి పడుకుంది. కాసేపటికి మళ్ళా అన్నది, "నేను పడ్డప్పుడు ఆ ఆంటీ ధరణీ ధరణీ అని పిలిచిందక్కా. కండ్లు తెరవమని. నన్ను కాదనుకొని నేను పలకలే. నిన్నేమో పిలుస్తున్నరు, నువ్వెందుకు పలుకుతలేవని అనుకున్న."

మన దిక్కు నేను మూటలు మోసిన మిర్చి యార్డులో బస్తాల వరస కూలి హమాలీ కిందపడితే, గుమస్తా ముందు హాజరు మస్టర్ తీసి చూసేవాడు, నీళ్ళు ఆ తర్వాత. ఈడ మస్టర్ కంప్యూటర్‌లో ఉంది, అంతే తేడా.

తెల్లారి ధరణికి డ్యూటీ లేదు. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకొని గోదాములోనే ఉన్న ఏజెన్సీ ఆఫీసుకు పోయింది. సంతకం పెట్టాలనే పోయింది, ఆ మాట ఆమె దాచలేదు. రాజగోపాల్ పక్క తలుపులోంచి లోపలికి తీసుకుపోయి, ఆఫీసు గదిలో కంపెనీ మేనేజరు ఉన్నడు, ఆయన బయటికొచ్చేదాకా ఈడ నిలబడమని చెప్పిండు. ఎదురుగా గోడకు పెద్ద బోర్డు. ఎవరెవరు ఎంత తీస్తున్నరో నిమిషం నిమిషం మారుతుంటది.

ఆ బోర్డు మీద ఏడో వరసలో ధరణి అని ఉంది. ఎదురుగా నూటపద్దెనిమిది.

ధరణి కండ్లు తుడుచుకొని మళ్ళా చూసింది. ఆమె చూస్తుండంగానే నూటపందొమ్మిది అయింది. తన పేరు ఆ సందుల్లో ఎక్కడో నడుస్తున్నది. తాను ఈడ కోటు వేసుకొని నిలబడి ఉంది. ఝాన్సీ ఇంట్లో మంచం మీద ఉంది. మరి ఆడ నడుస్తున్నదెవరు?

ఆమె రాజగోపాల్‌ని అడగలేదు. సందుల వెంట నడిచింది. ఎటు పోవాలో ఆమెకు తెలుసు. నలభై ఒకటి కాడికి వచ్చేసరికి గన్ను మోగుడు వినపడ్డది.

పందొమ్మిదేండ్ల పిల్ల. కొత్త బూట్లు, చెవులకు ఇంకా ఊరి దుద్దులు. మెడలో బ్యాడ్జ్, దాని మీద ధరణి పేరు, కొత్తగా అచ్చు కొట్టింది. ఆ పిల్ల ఎడమ కాలు నేల మీద, ఆ కడిగిన తెల్లటి చోట ఉంది. కుడి కాలు రెండో అర అంచు మీద ఉంది. పై అర పట్టుకోవటానికి చెయ్యి చాస్తున్నది.

"దిగు," అన్నది ధరణి.

ఆ పిల్ల ఉలిక్కిపడి చూసింది. "ఒక్క నిమిషం అక్కా, ఇందులో ఉందంట. మూడోసారి అడుగుతోంది."

"ఏమీ లేదందులో. దిగు." పోయి ఆ పిల్ల నడుం పట్టుకొని చిన్నపిల్లను దించినట్టు దించింది. "నీ పేరేంటి?"

ఆ పిల్ల బ్యాడ్జ్ వైపు చూసుకుంది. "ధరణి."

"నీ పేరు అడిగా."

ఆ పిల్ల బ్యాడ్జ్‌ని వెనక్కి తిప్పింది. "చరిత. నాకింకా కాగితాలు రాలేదక్కా. రాజగోపాల్ అంకుల్ ఒక వారం దీని మీద చెయ్యమన్నారు."

రాజగోపాల్ వెనకాలే వచ్చిండు, రొప్పుకుంట. ఆయన వెంట కంపెనీ మేనేజరు. ప్యాకింగ్ బల్ల కాడ చేతులు ఆగినయి. ధరణి జేబులోంచి కాగితం తీసింది. చింపలేదు. మడత విప్పి, సాఫు చేసి, ఆయన చేతిలో పెట్టింది.

"నేను పెట్టను."

"ధరణీ, ఇక్కడ కాదమ్మా. ఆఫీసులోకి రా, మాట్లాడదాం."

"నేను మెట్ల మీద పడలేదు. ఎక్కడా పడలేదు. పడింది ఝాన్సీలక్ష్మి. ఇక్కడ, ఈ తెల్లటి చోట." ఆ పేరు ఆ గోదాములో ఎవరైనా అనటం అదే మొదలు.

మేనేజరు రాజగోపాల్ వైపు చూసిండు, ఏమంటోందని. రాజగోపాల్ నవ్వాలని చూసిండు. "ఝాన్సీలక్ష్మి ఎవరమ్మా? ఆ పేరుతో మా లిస్టులో ఎవరూ లేరు."

"ఈ అరలో లేని బూట్లు మీ లిస్టులో ఉన్నాయి కదండీ. మూడు వారాల నుంచి మా చేత వెతికిస్తున్నారు," అన్నది ధరణి. "ఉన్న మనిషిని ఒక్కసారి వెతకండి."

తర్వాత అదే మాట మేనేజరుకు ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో రాజగోపాల్ అడ్డం వచ్చినా ఆపలేదంట. ప్యాకింగ్ బల్ల కాడి ఫిలిప్పీన్స్ ఆవిడ చేతులు తుడుచుకొని నడిచి వచ్చి ధరణి పక్కన నిలబడ్డది. "ఏం పేరన్నావు?" అని అడిగింది. ధరణి మళ్ళా చెప్పింది. ఆవిడ నోరు తిరగక రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అన్నది.

అప్పటికీ ఆ పిల్ల చేతిలో గన్ను మోగుతనే ఉంది.

తర్వాత ఏమైందంటవా? ఇంకా ఏమీ కాలేదు బిడ్డా. ధరణికి పని లేదు, లెటర్ లేదు. సోమవారం కంపెన్సేషన్ ఆఫీసు నుంచి మనిషి మాట్లాడతానన్నడు. ఏమంటడో, ఇద్దరి పర్మిట్లు ఏమైతయో నాకు తెల్వదు, తెలిసినట్టు రాయకు. ఆస్పత్రి ఫోన్ ఇంకా ధరణికే వస్తున్నది. ధరణి మీ తుంటి ఎలా ఉంది అని వాళ్ళు అడిగితే, ఆమె ఇప్పుడు ఒక్క నిమిషం ఉండమని చెప్పి, ఫోన్ తీసుకపోయి ఝాన్సీ మంచం మీద పెడ్తున్నది.

ఇది రత్నకుమారికి చదివి వినిపించు నిఖిలా. ఝాన్సీనే నన్నడిగింది, నా నోటితో అమ్మకు చెప్పలేను తాతా, నువ్వు చెప్పించు అని. ఆ తల్లికి నాలెక్కనే చదువు రాదు. ఆడ పొద్దుగూకి పత్తి చేను నుంచి ఇంటికొచ్చే వేళ చూసి ఫోన్ చెయ్యి. నిదానంగా చదువు. మధ్యలో ఏడిస్తే ఆగు, మళ్ళా చదువు. బిడ్డ పేరు వచ్చిన కాడ మాత్రం కొంచెం గట్టిగా చదువు.